ఉపన్యాసం వద్దు, ఖాతా పుస్తకం చూడండి

సంపాదకులకు నమస్కారం.

మహిళా వ్యాపారుల గురించి మీ పత్రికలో తరచూ వార్తలు వస్తున్నాయి, అందుకు సంతోషం. కానీ ఆ వార్తల్లో మెంటార్‌షిప్, అంటే అనుభవం ఉన్నవాళ్లు కొత్తవాళ్లకి దారి చూపడం, అన్న మాట ఎక్కడ కనిపించినా పక్కనే ఒక వేదిక, ఒక మైకు, ఎదురుగా వరసగా కుర్చీలు కనిపిస్తాయి. నేనూ ఆ కుర్చీల్లో కూర్చున్నదాన్నే. బట్టలు కుట్టే చిన్న యూనిట్ నడుపుతున్నాను, నాతో పాటు నలుగురు పనిచేస్తారు. మొదలుపెట్టిన ఏడాది ఒక శిక్షణకి వెళ్లి మూడు రోజులు శ్రద్ధగా రాసుకున్నాను. ధైర్యం కావాలి, పెద్దగా ఆలోచించాలి అన్నారు, అది కాదనను. అయితే ఆ వారం నాకున్న టెన్షన్ వేరు. సరుకు తీసుకెళ్లిన మనిషి రెండు నెలలుగా డబ్బు ఇవ్వడం లేదు, గట్టిగా అడిగితే మళ్లీ ఆర్డర్ ఇస్తాడో ఇవ్వడో. దాని గురించి ఆ మూడు రోజుల్లో ఒక్క మాట రాలేదు.

నాకు వ్యాపారం నేర్పింది నాకంటే పదేళ్ల ముందు ఇదే పనిలో దిగిన ఒకావిడ. ఒకరోజు మా యూనిట్‌కి వచ్చి, కుట్టిన బట్టల వంక చూడకుండా నేరుగా ఖాతా పుస్తకం అడిగింది. ఒక్కో డ్రెస్‌కి గుడ్డ ఎంత, దారం ఎంత, బొత్తాలు, కరెంటు, పనివాళ్ల కూలి అన్నీ రాసుకున్నాను, చూసి మెచ్చుకుంటుందనుకున్నాను. ఆ లెక్క కింద వేలు పెట్టి, "మరి నీ కూలి ఏది?" అంది. రోజుకి పది గంటలు మిషన్ మీద కూర్చునేదాన్ని, నా కూలి ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. లాభం అనుకుని మురిసిపోతున్నదంతా నా కష్టమే, అది కూడా పూర్తిగా గిట్టడం లేదు. తర్వాత ఫోన్ తీసి తను దారం కొనే హోల్‌సేల్ వ్యాపారి నంబర్ ఇచ్చి, నా పేరు చెప్పు అంది. ఇదంతా గంటలో అయిపోయింది. ధరలు మార్చుకోవడానికి మాత్రం నాకు నెల పట్టింది, ఎందుకంటే పాత కస్టమర్లకి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకోకండి. కెన్యా రాజధాని నైరోబీలో దండోరా అనే పేదల బస్తీ ఉంది. అక్కడ చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ల మీద ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2018లో అచ్చయింది. కొందరికి తరగతులు పెట్టి లెక్కలు, మార్కెటింగ్ నేర్పారు. ఇంకొందరిని అదే బస్తీలో బాగా నిలదొక్కుకున్న వ్యాపారురాళ్లతో జత చేశారు, వారానికోసారి కలవమన్నారు. తరగతులకి వెళ్లినవాళ్ల లాభాల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. జతగా నడిచినవాళ్ల లాభం సగటున 20 శాతం పెరిగింది. కారణం, సరుకు ఎక్కడ చవగ్గా దొరుకుతుందో తోటి మనిషి చెప్పడం. ఆ కలుసుకోవడాలు ఆగిపోయాక లాభం కూడా మెల్లగా తగ్గింది, అది కూడా అదే అధ్యయనంలో ఉంది. ఒక్కరోజు సదస్సుతో చేతులు దులుపుకునేవాళ్లు ఆ చివరి భాగం తప్పకుండా చదవాలి.

అహ్మదాబాద్‌లో స్వయం ఉపాధి మహిళల సహకార బ్యాంకు అయిన సేవా బ్యాంకు ఖాతాదారులతో చేసిన ఇంకో అధ్యయనంలో రెండు రోజుల శిక్షణకి కొందరిని ఒంటరిగా, కొందరిని స్నేహితురాలిని వెంటబెట్టుకుని రమ్మన్నారు. స్నేహితురాలితో వచ్చినవాళ్లే అప్పు తీసుకుని వ్యాపారంలో పెట్టారు, వాళ్ల ఇంటి ఆదాయమే పెరిగింది. పక్కన తెలిసిన మనిషి ఉంటే ఆ ధైర్యమే వేరు.

పెట్టుబడి అడగడానికి వెళ్లేవాళ్లకి ఈ తోడు ఇంకా అవసరం. అమెరికాలో స్టార్టప్ పోటీల్లో పెట్టుబడిదారులు వేసిన ప్రశ్నల్ని పరిశోధకులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. మగవాళ్లని అడిగిన ప్రశ్నల్లో 67 శాతం ఎంత ఎదుగుతారు అన్న తరహావి, ఆడవాళ్లని అడిగినవాటిలో 66 శాతం నష్టం రాకుండా ఎలా చూసుకుంటారు అన్న తరహావి. ఆ రెండో రకం ప్రశ్నకి కూడా ఎదుగుదల గురించి జవాబు చెప్పినవాళ్లకి ఎక్కువ పెట్టుబడి వచ్చింది. ఈ మెలకువ ఆ గదిలోకి ఒకసారి వెళ్లొచ్చిన మనిషే చెప్పగలదు.

మరి మన దగ్గర నేర్చుకున్నామె రేపు మనకే పోటీ కాదా అని చాలామంది అడుగుతారు. నాకూ ఆ భయం ఉండేది. అయితే పెద్ద ఆర్డర్ వస్తే ఒక్క యూనిట్ మోయలేదు, గడువు దాటితే ఆ కస్టమర్ మళ్లీ రాడు. ఇప్పుడు అలాంటివి మేం ముగ్గురం పంచుకుంటున్నాం, మూడు చోట్ల కలిపి పద్నాలుగు మందికి ఏడాది పొడుగునా పని ఉంటోంది. నూరేళ్ల కిందటే మేడమ్ సి.జె. వాకర్ అనే నల్లజాతి వ్యాపారురాలు అమెరికాలో వేలమంది ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చి, తను తయారుచేసే జుట్టు సంరక్షణ సరుకులు అమ్మే ఏజెంట్లుగా తయారు చేసింది. 1917లో ఫిలడెల్ఫియాలో ఆ ఏజెంట్ల సమావేశం పెట్టినప్పుడు బాగా అమ్మినవాళ్లతో పాటు సమాజానికి ఎక్కువ విరాళం ఇచ్చినవాళ్లకి కూడా బహుమతులు ఇచ్చింది. ఆ రెండో బహుమతి గురించి తెలిశాక ఆమె మీద నాకు గౌరవం ఎంతో పెరిగింది.

మీకు నా విన్నపం ఒకటే. ఇకమీదట ఎవరి విజయం గురించి రాసినా, మొదటి కస్టమర్‌ని ఎవరు చూపించారు, ధర ఎలా కట్టారు, బాకీలు ఎలా రాబట్టుకున్నారు అని కూడా అడిగి రాయండి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అవి కత్తిరించి దాచుకుంటారు. ఇప్పటికే నిలదొక్కుకున్న అక్కచెల్లెళ్లని కూడా ఒకటి అడుగుతున్నాను. వారానికి ఒక గంట, ఒక్క మనిషికి ఇవ్వండి, సరుకు కొనడానికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.

నా దగ్గరికి ప్రతి శనివారం ఒకమ్మాయి వస్తోంది. మొదటి వారం ఖాతా పుస్తకం తేలేదు, చూపించడానికి సిగ్గేసిందట. రెండో వారం తెచ్చింది. అందులో తన కూలి రాసుకోలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు