ఆరు, ఏడు తరగతుల స్పానిష్ గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులు అయిపోయాయి, బడి మళ్లీ గాడిన పడింది. యూనిఫారాలు, బస్సు టైమింగుల సంగతి నోటీసు బోర్డులో పెట్టాం కాబట్టి ఈసారి లేఖలో ఒక్క స్పానిష్ గురించే రాస్తున్నాను. జూన్‌లో ఆరు, ఏడు తరగతులకు వారానికి మూడు పీరియడ్లు మొదలుపెట్టినప్పటి నుంచి గేటు దగ్గరా, ఫీజు కౌంటర్ దగ్గరా మీరు అడుగుతున్నవి నా దాకా వస్తూనే ఉన్నాయి. "మేడం, మా పిలగానికి హిందీనే సక్కగ వస్తలేదు, మళ్ల గీ స్పానిష్ ఎందుకు?" అని ఒకాయన సూటిగానే అడిగారు.

ముందు టెన్షన్ సంగతి. మన పదో తరగతి పరీక్షల్లో స్పానిష్ పేపర్ ఉండదు. మన రిపోర్టు కార్డులో దానికి గ్రేడ్ ఇస్తాం తప్ప మొత్తం మార్కుల్లో కలపం. తెలుగు పీరియడ్ ఒక్కటి కూడా తగ్గలేదు. 2018 చట్టం ప్రకారం రాష్ట్రంలో బడులన్నిటిలో తెలుగు తప్పనిసరి, కాబట్టి తగ్గించే వీలూ లేదు. స్పానిష్‌కు ఇచ్చిన సమయం సాయంత్రం స్టడీ అవర్‌ది.

ఇక ఎందుకంటారా, దాదాపు 20 దేశాల్లో అది అధికార భాష. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరింటిలో ఒకటి. అమెరికాలో ఇంగ్లీషు తర్వాత ఎక్కువమంది మాట్లాడేది అదే. మన పాలమూరు నుంచి డాలస్ వెళ్లిన పిల్లల్ని ఫోన్లో అడిగి చూడండి. 2020 జాతీయ విద్యా విధానం కూడా హైస్కూల్లో నేర్పదగ్గ విదేశీ భాషల్లో దాని పేరు చెప్పింది. దీనివల్ల ఉద్యోగం వస్తుందని మాత్రం నేను మాటివ్వను.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది ఇంకొకటి. "మాకే రాదు, ఇంట్లో ఏం చెప్పిస్తాం" అని చాలామంది ముందే చేతులెత్తేస్తున్నారు. ఇంకొందరు స్పానిష్ బాగా రావాలంటే ముందు ఇంట్లో ఇంగ్లీషు పెంచాలనుకుని, పిల్లలతో తెలుగు తగ్గిస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మన టీచర్ హైదరాబాద్‌లో విదేశీ భాషలు నేర్పే విశ్వవిద్యాలయం ఇఫ్లూలో చదువుకున్నారు. క్లాసులో ఆవిడ చూపిస్తున్నదాన్ని బట్టి, చాలా చోట్ల స్పానిష్‌కు ఇంగ్లీషు దారి చుట్టు, తెలుగు దారి దగ్గర.

ఇంగ్లీషులో 'ఐ' లేకుండా వాక్యం నిలబడదు. మనం 'రేపు వస్తాను' అంటే చాలు, వచ్చేది ఎవరో క్రియే చెబుతుంది. స్పానిష్ క్రియా అంతే, మనిషిని బట్టి చివర మారుతుంది. 'నాకు అన్నం ఇష్టం' అని మనం ఎలా అంటామో 'మే గుస్తా ఎల్ అర్రోస్' కూడా అలాగే నడుస్తుంది. 'నువ్వు', 'మీరు' తేడా మన పిల్లలకు ఎవరూ వివరించక్కర్లేదు. అక్కడ 'తూ', 'ఉస్తేద్' ఉన్నాయి. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లను 'సెర్', 'ఎస్తార్' అనే రెండు క్రియలు ఏడిపిస్తాయి, ఎందుకంటే ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట. 'నేను టీచర్ని' అన్నప్పుడు మనకు 'ఉన్నాను' రాదు, 'నేను ఇంట్లో ఉన్నాను' అన్నప్పుడు వస్తుంది. ఆ 'ఉన్నాను' వచ్చే చోట చాలావరకు 'ఎస్తార్' వాడాలని చెప్పగానే ఏడో తరగతి పిల్లలు బోర్డు మీది వాక్యాలు చకచకా విడదీశారు. అన్ని చోట్లా ఈ కొలత పనిచేయదు, కానీ మొదలుకు బాగా పనికొస్తుంది.

ఉచ్చారణ కూడా అంతే. 'పెర్రో' అంటే కుక్క, 'పెరో' అంటే కానీ. 'గొర్రె', 'బుర్ర' అనే నోటికి ఈ 'ర్ర' కష్టం కాదు. 'ఖబర్' అని సరిగ్గా పలికే ఉర్దూ ఇళ్ల పిల్లలు స్పానిష్‌లో ఆ 'ఖ'లా పలికే 'జె' అక్షరాన్ని అందరికంటే ముందు పట్టుకున్నారు. వస్తువులకు ఆడ, మగ ఉండటం వాళ్లకు వింత కాదు. తెలుగు పిల్లలకు మాత్రం అది నిజంగా కష్టమే. టేబుల్ ఆడది ఎట్లయిందని అడిగితే జవాబు లేదు, మాట ముందు వచ్చే 'ఎల్' (మగ), 'లా' (ఆడ)తో కలిపి గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఇంట్లో మీరు చేయాల్సింది వినడం. అన్నాలయ్యాక పది నిమిషాలు పిల్లలే టీచరు, మీరే విద్యార్థులు. మీకు ఒక్క వాక్యం నేర్పమనండి. నేర్పాలంటే వాళ్లకు అది వచ్చి తీరాలి. నానమ్మలు తాతలు ఉంటే ఇంకా మంచిది, వాళ్లు ఓపిగ్గా వంద ప్రశ్నలు అడుగుతారు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కన్నా రోజూ ఈ పది నిమిషాలే మేలు. పిల్లలకు ముందే కథ తెలిసిన కార్టూన్‌ను స్పానిష్ ఆడియోలో పెట్టండి. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లకు మెస్సీ ఇంటర్వ్యూలు ఉన్నాయి, ఆయన మాట్లాడేది స్పానిష్‌లోనే. మొదట్లో మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకుంటే తిట్టకండి, 'ఓలా' (అంటే నమస్తే)ను మన లిపి శుభ్రంగా పట్టుకుంటుంది. సంక్రాంతి తర్వాత మాన్పిస్తాం.

కూరగాయలకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. టమాట, మిరప, మొక్కజొన్న, పల్లీ, జామ, బొప్పాయి అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఇప్పుడు బండ్ల మీద కనిపిస్తున్న మన బాలానగర్ సీతాఫలం పూర్వీకులదీ ఆ వైపే. వీటి పేర్లు స్పానిష్‌లో అడిగితే పిల్లలు హుషారుగా చెబుతారు. పల్లీకి మెక్సికోలో ఒక పేరు, అర్జెంటీనాలో ఇంకో పేరు, కాబట్టి ఇద్దరు పిల్లలు రెండు రకాలుగా చెప్పినా కొట్లాట పెట్టకండి.

సర్టిఫికెట్ల గురించి ఒక మాట. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ 'దేలే' అనే పరీక్ష నడుపుతుంది. 11 నుంచి 17 ఏళ్ల పిల్లలకు అందులో విడిగా ఏ1, అంటే మొట్టమొదటి స్థాయి పరీక్ష ఉంది. మన పిల్లలకు ఈ ఏడాది అది అవసరం లేదు. ఎవరైనా కోచింగ్ పేరుతో ఇప్పుడే డబ్బు కట్టమంటే ఆగి, నాకు ఫోన్ చేయండి. ఎనిమిదికి వచ్చాక ఆసక్తి ఉన్నవాళ్ల గురించి కూర్చుని మాట్లాడుకుందాం.

ఈ నెల మూడో శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆరో తరగతి గదిలో స్పానిష్ క్లాసు మీ కోసం తెరిచి ఉంటుంది. ఆ రోజు పిల్లలు మన ఊరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి గురించి స్పానిష్‌లో మాట్లాడతారు. వెనక బెంచీల్లో కూర్చోవచ్చు, ప్రశ్నలు తెలుగులోనో ఉర్దూలోనో అడగవచ్చు. వచ్చేవాళ్లు గురువారం లోపు డైరీలో సంతకం చేసి పంపండి, కుర్చీలు వేయించాలి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు,
మహబూబ్‌నగర్