బావా, ఆ రెండు లీటర్లు జాగ్రత్త

అమలాపురం,
శ్రావణమాసం, వాన పడుతున్న ఆదివారం

ఒరేయ్ బావా,

నీ మెసేజీ చూశాను. "సెప్టెంబరులో కంపెనీ పని మీద ఫ్రాన్సులో బోర్డో వెళ్తున్నా, ఏం చూడాలో ఏ వైన్ తాగాలో రెండు ముక్కల్లో రాయి" అన్నావు. రెండు ముక్కల్లో రాసేవాణ్ణయితే ఏ తంతి ఆఫీసులోనో చేరేవాణ్ణి గానీ రొయ్యల చెరువుల మీద ఎందుకు పడతాను? ఫోను పక్కన పడేసి, చెల్లెమ్మ చేత కాఫీ పెట్టించుకుని కూర్చో. వాన తగ్గేలా లేదు, నాకూ చెరువు గట్టు మీద పనేం లేదు.

ముందు మా గుంపు సంగతి చెప్పాలి. ఎందుకంటే నీకు రాయబోయే సలహాల్లో సగం వాళ్ళవే. వైన్ ఒంటరిగా తాగే సరుకు కాదురా. ఇందులో వేదాంతమేం లేదు, ఒట్టి లెక్క. సీసాకి 750 మిల్లీలీటర్లు. బ్రాందీ అయితే సగం తాగి బీరువాలో పెడితే సంక్రాంతి దాకా ఉంటుంది. ఇది అలా కాదు. బిరడా పీకిన మర్నాటికి వాసన వాలిపోతుంది, మరో రెండ్రోజులకి పులుపు తిరుగుతుంది. ఒక్కడే కూర్చుని అవగొడితే ఆ ఒక్కడికీ మంచిది కాదు, ఇంట్లోవాళ్ళకి అసలు కాదు. అంచేత నలుగురు కావాలి. అలా వెతుక్కుంటే దొరికినవాళ్ళే మేము. ఓడల్లో చీఫ్ ఇంజనీరుగా చేసి కాకినాడలో దిగిపోయిన పెద్దాయన ఒకరు. యానాంలో రిటైరైన ఫ్రెంచి మాష్టారొకరు. రామచంద్రాపురం డాక్టరమ్మగారు. భీమవరం రాజుగారు. వీళ్ళ మధ్య నేను. వైనే లేకపోతే ఈ అయిదుగురం ఏ పెళ్ళిలోనూ ఒక బల్ల దగ్గర కూర్చోం.

కలిసేది యానాంలో, మాష్టారింట్లో. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఊరు కదా, కాగితాల మీద కలిసింది 1962లో, ఇప్పటికీ పుదుచ్చేరి కిందే. సరుకు ఇక్కడికంటే బాగా దొరుకుతుంది, ధరా నయం. ఎదుర్లంక వారధి దాటితే చాలు. కానీ అక్కడ కొన్నది అక్కడే అవగొట్టాలి. వారధికి ఇవతల ఎక్సైజువాళ్ళు కారు డిక్కీ తెరిపిస్తే "ఇది వాసన చూడ్డానికండీ" అంటే వినరు. డ్రైవరుని పెట్టుకునే వెళ్తాంలే, నువ్వు కంగారు పడకు.

మా పద్ధతి ఒకటుంది. ఎవరి సీసా వాళ్ళు పాత పేపర్లో చుట్టి తెస్తారు, మెడ వరకు. పేరు కనబడితే నాలుక మాట వినదని చీఫ్ గారి సిద్ధాంతం. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఇదే పని చేశాడు. తొమ్మిదిమంది ఫ్రెంచి ఉద్దండుల ముందు వాళ్ళ సీసాలూ కాలిఫోర్నియా సీసాలూ పేర్లు దాచి పెట్టాడు. తెల్లవాటిలో షాటో మోంటెలీనా, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్, రెండు చోట్లా కాలిఫోర్నియాయే మొదటొచ్చింది. ఫ్రెంచివాళ్ళు చాలాకాలం ఆ ఊసెత్తలేదట. మాష్టారు మాత్రం ఇప్పటికీ "ఆ రోజు వాళ్ళకి జలుబు చేసుంటుంది" అంటారు.

పోయిన నెల జరిగింది విను. రాజుగారు బాగా ఖరీదైన సీసా ఒకటి తెచ్చారు. ఎవరో విదేశాల నుంచి బహుమతిగా ఇచ్చింది, పేపరు చుట్టినా ఆయన మొహంలో ధర కనబడుతూనే ఉంది. పోశారు. రంగు బ్రహ్మాండంగా ఉంది. వాసన చూస్తే పండు లేదు, పువ్వు లేదు. డాక్టరమ్మగారు గ్లాసు తిప్పి, ముక్కు పెట్టి, "తడిసిన గోనెసంచి" అన్నారు. నేను మళ్ళీ చూశాను. గోనె కాదురా, మన కాలవల్లో కొబ్బరిపీచు నానేస్తారే, ఆ గట్టున నడిచినప్పుడు వచ్చే వాసన. రాజుగారు ఒప్పుకోలేదు, "పాతబడితే ఇలాగే ఉంటుందండీ" అని ఒక గ్లాసు పట్టుదలగా తాగారు కూడా. చీఫ్ గారు చెప్పారు, అది బిరడా జబ్బు. బిరడా బెరడులో పుట్టే టీసీఏ అనే పదార్థం లీటరుకి కొద్ది నానోగ్రాములుంటే చాలు, పండు వాసనంతా మింగేస్తుంది. మనిషికి హాని లేదు, సీసాకి వైద్యం లేదు. హోటల్లో ఇలా తగిలితే మొహమాటపడకుండా వెనక్కిచ్చెయ్యి. వెయిటరు ముందుగా నీకు గుక్కెడు పోసి నిలబడేది నీ మెప్పు కోసం కాదు, ఇది కనిపెట్టడానికే.

వాసనల గురించి పుస్తకాల్లో రాసిన బ్లాక్‌కరెంటు, వయొలెట్లు నువ్వు బట్టీ పట్టక్కర్లేదు. మనం చూడని పండు పేరు మనకెందుకు? మేం మా మాటలే వాడతాం. ఇక చెప్పేవన్నీ ద్రాక్ష రకాల పేర్లే. కాబర్నేలో నేరేడు, లేత వక్క వగరు. సావిన్యో బ్లాంలో పచ్చి క్యాప్సికం, కోసిన గడ్డి. షిరాజులో మిరియం ఘాటు వస్తే అది ఊహ కాదు, మిరియంలో ఉండే రోటండోన్ అనే పదార్థమే ఆ ద్రాక్ష తొక్కలోనూ ఉంటుంది. పాతబడ్డ రీస్లింగులో కిరసనాయిలు వాసన వస్తుంది. చెప్తే నమ్మవు గానీ, దానికోసం డబ్బులిచ్చి కొనేవాళ్ళున్నారు. అందులో నేనూ ఉన్నాను.

ఇక తిండి. పులస పులుసుతో ఎర్రవైన్ అని ఎవడైనా అంటే వాణ్ణి మా దగ్గరికి పంపు. ఎర్రవైన్లో ఉండే ఇనుము చేపనూనెతో కలిసి నోట్లో తుప్పు రుచి, నీచు తెస్తుంది. పైగా చింతపండు పులుపు ముందు ఏ వైనూ నిలబడదు. పులసని పులసలా తినాలి, అంతే. రొయ్యల వేపుడుకి మాత్రం కొంచెం తీపి మిగిలిన షెనాం బ్లాం అనే తెల్లవైన్ చల్లగా ఇస్తే ప్రాణం లేచొస్తుంది. కారానికి తీపి విరుగుడు. అదే వగరెక్కువా ఆల్కహాలెక్కువా ఉన్న ఎర్రది పోశావా, కారం రెండింతలవుతుంది. "ఎర్రవైన్ గది వేడిలో తాగాలి" అన్న మాట కూడా మన గదుల్ని చూసి రాసింది కాదు. అది చలిదేశపు రాతి మేడలో గది, 16 నుంచి 18 డిగ్రీలు. మనూళ్ళో ఎర్రసీసా అరగంట ఫ్రిజ్‌లో కూర్చోవాల్సిందే.

సరే, బోర్డో. నువ్వక్కడ దిగగానే నీకు మన ఊరు గుర్తొస్తుంది చూడు. మన గోదారి ధవళేశ్వరం దగ్గర పాయలుగా విడిపోతే, అక్కడ గారోన్, దోర్దోన్ అనే రెండు నదులు బోర్డో దిగువన ఒకటై, జిరోండ్ పేరుతో సముద్రంలోకి పోతాయి. దాని ఎడమగట్టున మెడాక్ అనే వైన్ తోటల ప్రాంతం. అదంతా ఒకప్పుడు చిత్తడి నేలే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చి మురుగు కాలవలు తవ్వితే, నది తెచ్చిపోసిన గులకరాళ్ళ దిబ్బలు తేలాయి. అదే శతాబ్దంలో వాళ్ళవాళ్ళే మన పాలకొల్లులో గిడ్డంగులు పెట్టుకుని గుడ్డలు కొన్నారు. డ్రెయిను విలువ డెల్టావాడికి వేరే చెప్పాలా? గులకరాయిలో నీరు నిలవదు, పగటి వేడిని రాత్రికి దాస్తుంది, నీళ్ళకోసం వేరు లోతుకి దిగుతుంది. మన ఒండ్రుమట్టిలో ద్రాక్ష నాటితే ఆకు ఏపుగా పెరుగుతుంది, కాయలో సారం ఉండదు. పైన తుపాను సంగతి సరేసరి. నది కనబడే తోటే మంచి తోట అని మెడాక్‌వాళ్ళ మాట.

ఎడమగట్టున కాబర్నే ద్రాక్ష ఎక్కువ, కుడిగట్టున మెర్లో ద్రాక్ష ఎక్కువ. ఈ ఒక్కటి గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. పేరున్న షాటోలకి, అంటే సొంత తోటల్లో వైన్ చేసే ఎస్టేట్లకి, చెప్పాపెట్టకుండా వెళ్ళకు, గేటు దగ్గరే ఆపేస్తారు. నెల ముందు మెయిలు పెట్టు. నువ్వెళ్ళేది కోతల రోజులు కాబట్టి కొన్ని చోట్ల అసలు రానివ్వరు. అప్పుడు బెంగపడకుండా రైలెక్కి సెంటెమిల్యోం వెళ్ళిపో, అరగంట పైన కాస్త. సున్నపురాతి కొండని తొలిచి నేల కింద కట్టిన చర్చి ఉందక్కడ, చూసి తీరాలి. ఊరూ చుట్టుపక్కల తోటలూ 1999 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. ఊళ్ళో కొట్లలో ధరలు మాత్రం యాత్రికుల ధరలు. సీసా కొనాలంటే పక్కనున్న ఫ్రోన్సాక్, కాస్టియోన్ పేర్లు అడుగు. అదే మెర్లో, జేబుకి నొప్పి తక్కువ. నగరంలో గారోన్ ఒడ్డున 2016లో తెరిచిన సితే ద్యు వాం అనే వైన్ మ్యూజియం ఉంది, టికెట్టులోనే పై అంతస్తులో ఒక గ్లాసు ఇస్తారు. ఖాళీ సాయంత్రం ఉంటే వెళ్ళు, లేకపోతే పోయిందేం లేదు. రుచి చూసే చోట్ల ఉమ్మడానికి బకెట్టు పెడతారు. సిగ్గుపడకు, అక్కడ ఉమ్మినవాడే తెలిసినవాడు.

బోర్డో షాటోలకి వరసలు కట్టిన 1855 నాటి జాబితా చూపించి నీకు పెద్ద పేర్లు అమ్మజూస్తారు. మూడో నెపోలియన్ పారిస్ ఎగ్జిబిషన్ కోసం వేయించాడు, వేసింది దళారులు, వేసింది అప్పటి ధరల్ని బట్టి. తర్వాత చెప్పుకోదగ్గ మార్పు ఒక్కటే, 1973లో మూతాం రోత్‌షీల్డుని మొదటి వరసలోకి ఎక్కించారు. దళారి కట్టిన ధరని బట్టి సరుకు మంచీచెడూ తేల్చడమంటే రొయ్యలు పండించేవాడిగా నాకు నవ్వొస్తుంది. ఈమధ్య మా గుంపులో మొదటొచ్చిన ఎర్రసీసా ఆ జాబితాలో లేనిది, క్రూ బూర్జువా అని లేబులు మీద ఉండే రకం. వాటినే చూడు.

ఫ్రాన్సులోనే ఇంకో వైన్ ప్రాంతమైన బర్గండీ మాత్రం ఈసారి పెట్టుకోకు. అక్కడ క్లో ద వూజో అనే ఒక్క తోట 50 హెక్టార్లు, దానికి ఎనభైమంది దాకా సొంతదారులు. పంపకాల్లో మన కోనసీమ కొబ్బరితోటలు సెంట్లలోకి వచ్చినట్టే. ఒకే తోట పేరు, ఎవడి వైన్ వాడిది, ఎవడిది బాగుంటుందో తెలియాలంటే వాళ్ళ కుటుంబాల చరిత్రంతా కావాలి. రెండు రోజుల్లో తేలే వ్యవహారం కాదు.

ఒక్క రోజే మిగిలిందనుకో, బోర్డో ప్రాంతంలోనే తీపి వైన్ చేసే సోటెర్న్ వెళ్ళు. ఇది నా మాట, మిగతావాళ్ళు ఒప్పుకోరు. సిరోన్ అనే చిన్న ఏటి చల్లనీళ్ళు గారోన్ వెచ్చనీళ్ళలో కలిసేచోట శరదృతువులో పొద్దున్నే మంచు పడుతుంది. ఆ తేమకి ద్రాక్షకి బూజు పడుతుంది, మధ్యాహ్నం ఎండకి ఆరుతుంది. బూజు తొక్కని గుల్లచేస్తే పండులో నీరు ఆవిరై తీపి చిక్కబడుతుంది. అలా బూజు పట్టిన పళ్ళని ఏరి ఏరి కోస్తారు, ఒకే తోటలోకి మళ్ళీమళ్ళీ దిగుతారు. అక్కడి షాటో దికెమ్‌లో తీగకి ఒక్క గ్లాసే వస్తుందని చెప్పుకుంటారు. కాలం కలిసిరాకపోతే అసలు చెయ్యరు, 2012లో అలాగే మానేశారు. చూడ్డానికి రోతగా ఉంటాయి ఆ గుత్తులు. తాగితే తేనె, ఎండిన నారింజ తొక్క, పండిన పనసతొన. ఆత్రేయపురం పూతరేకుతో పెడితే ఎలా ఉంటుందో చెప్పను, నువ్వు తెచ్చాక చూద్దువుగాని. పంచదార పూతరేకేరా, బెల్లంది వైన్‌ని మింగేస్తుంది.

తేవడం అంటే గుర్తొచ్చింది. సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లే. ఆపైన తెస్తే కడుపు మండే సుంకం, దిగుమతి వైన్ మీద ఏళ్ళ తరబడి 150 శాతం ఉన్న దేశం మనది. మా చీఫ్ గారి లెక్క ఇది: పెద్ద సీసాలు రెండు, సోటెర్న్ 375 మిల్లీలీటర్ల సగం సీసా ఒకటి, వెరసి 1,875. దారిలో దుబాయి డ్యూటీ ఫ్రీలో ఎవడికోసమో స్కాచి కొన్నావంటే అదీ ఈ రెండు లీటర్లలోకే వస్తుంది. మీ బావమరిది అడుగుతాడు, నాకు తెలుసు. కొనకు. సీసాల్ని లుంగీల్లో చుట్టి పెట్టె నడిమధ్య పడుకోబెట్టు, చేతిసంచిలో రానివ్వరు.

ఇంకో మాట. ఫిబ్రవరిలో మా గుంపు నాసిక్ వెళ్తోంది, నువ్వూ రావాలి. బోర్డో చూసొచ్చినవాడు పక్కనుంటే మాష్టారికి పోట్లాడ్డానికి మనిషి దొరుకుతాడు. పైగా అది మన గోదారి పుట్టినిల్లురా. త్ర్యంబకం కొండల్లో పుట్టి, నాసిక్ చేరకముందే గంగాపూర్ ఆనకట్ట దగ్గర ఆగుతుంది. ఆ నీటి అంచునే సులా, యార్క్ అనే వైన్ తయారీదారుల తోటలు. మనకి వరి పండించే నదే పైన ద్రాక్ష పండించి వస్తోంది. అక్కడ తీగకి చలినిద్ర ఉండదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, వేసవి మొదట్లో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి. కోతలు జనవరి నుంచి మార్చి దాకా, బోర్డోకి సరిగ్గా తలకిందులు. సులావాళ్ళది పళ్ళు ఆలస్యంగా కోసి చేసే తీపి వైన్, లేట్ హార్వెస్ట్ షెనాం బ్లాం ఒకటుంది, సోటెర్న్ పక్కన పెట్టి పేపర్లో చుట్టి చూడాలని నా కోరిక. అందుకే ఆ సగం సీసా దారిలో తెరవకు.

నరసాపురం నుంచి నాగర్‌సోల్ రైలుంది, షిర్డీ వెళ్ళేవాళ్ళంతా ఎక్కేదే. దిగాక కారులో నాసిక్ రెండు మూడు గంటలు. రాజుగారు ఇంట్లో షిర్డీ అనే చెప్పారు, దర్శనం కూడా చేయిస్తానని మొక్కుకున్నారు కాబట్టి అబద్ధం కాదంటున్నారు. టికెట్లు ఆయనే తీస్తారు. నువ్వు హైదరాబాదులోనే ఎక్కుతావో, ముందుగా వచ్చి ఇక్కడి నుంచి మాతో బయల్దేరతావో, చెల్లెమ్మ వస్తుందో రాదో కనుక్కుని వెంటనే రాయి. కింద బెర్తులు చీఫ్ గారికీ మాష్టారికీ పోగా మిగిలినవాటికి డాక్టరమ్మగారు ఇప్పటికే రుమాలు వేసేశారు.

నీ
రొయ్యల బావ