పసిబిడ్డల మూత్రమార్గ లోపాలపై ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారములు.

కొందరు మగపిల్లలు మూత్రమార్గం వెనుక భాగంలో పలుచని పొర అడ్డుగా ఉండి పుడతారు. వైద్యులు పోస్టీరియర్ యురెత్రల్ వాల్వ్స్ అని పిలిచే ఈ లోపం వల్ల మూత్రం సాఫీగా బయటికి రాక, ఒత్తిడి వెనక్కి తన్ని, బిడ్డ కడుపులో ఉండగానే కిడ్నీలు దెబ్బతినడం మొదలవుతుంది. సన్నని ఎండోస్కోపుతో ఆ పొరను కోసివేయవచ్చు, చాలామందికి పొట్టమీద కోత కూడా అక్కరలేదు. కానీ అప్పటికే పాడైన కిడ్నీని ఆ శస్త్రచికిత్స తిరిగి ఇవ్వలేదు.

ఐదో నెల స్కానింగులో రెండు కిడ్నీలూ ఉబ్బి, మూత్రాశయం నిండుగా కనిపిస్తే ఈ లోపాన్ని అనుమానించవచ్చు. అలాంటి రిపోర్టు చేతిలో ఉన్నా, కాన్పు తర్వాత బిడ్డను పిల్లల సర్జన్ దగ్గరికి చేర్చే బాధ్యత ఎవరిదో తల్లిదండ్రులకు తెలియకపోవడం అన్యాయం. పిల్లల ఆరోగ్య సమస్యలను ముందే గుర్తించి చికిత్స అందించేందుకు 2013లో మొదలైన కేంద్ర పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పుట్టుకతో వచ్చే తొమ్మిది లోపాలను ఎంచుకుంది. గ్రహణమొర్రి, వంకర పాదం, గుండె జబ్బులు అందులో ఉన్నాయి; మూత్రవ్యవస్థ లోపాలు లేవు.

మన రాష్ట్రంలోనైనా వీటిని ఆ జాబితాలో చేర్చి, అనుమానమున్న గర్భిణికి పిల్లల సర్జన్ అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు జరిగేలా ఆదేశించండి. ఆపరేషన్ తర్వాత కూడా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష), రక్తపోటు, మూత్రాశయ పరీక్షలు ఏళ్ల తరబడి అవసరం గనుక, ఆ ఖర్చును ఆరోగ్యశ్రీ పూర్తిగా భరించేలా చూడవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక పౌరుడు