టోలు కట్టిన రోడ్డు మీది ఇనుప పట్టీ ఎవరిది? రహదారుల శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారములు.

నా కారు బ్రేకులు రోడ్డు మీద పడి ఉన్న వస్తువు వల్లనే దెబ్బతిన్నాయనడానికి ఆధారం లేదని మీ శాఖ నుంచి జవాబు వచ్చింది. అంతకుముందు పెట్టుకున్న అర్జీలకు ఆ మాత్రం జవాబైనా రాలేదు కనుక ముందుగా కృతజ్ఞతలు. ఆధారం అడిగారు కనుక విన్నవించుకుంటున్నాను.

రాత్రివేళ నాలుగు వరుసల రహదారి మీద, ఏ లారీ నుంచి ఊడిపడిందో తెలియని ఇనుప పట్టీ ఒకటి కారు కిందికి దూరి ఎడమవైపు ముందు చక్రం దగ్గర బలంగా తగిలింది. కాసేపటికే డాష్‌బోర్డులో పసుపు రంగు ఏబీఎస్ లైటు, దాని వెంటనే ఎర్రటి బ్రేకు లైటు వెలిగాయి. పసుపు లైటు ఒక్కటే అయితే మామూలు బ్రేకు పడుతుంది, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు మాత్రమే పనిచేయదు; ఎర్ర లైటు కూడా వెలిగిందంటే హ్యాండ్ బ్రేకు సరిగా దిగలేదా, బ్రేక్ ఆయిల్ తగ్గిందా అని చూడాలి. హ్యాండ్ బ్రేకు దిగే ఉంది. బానెట్ ఎత్తితే డబ్బాలో ఆయిల్ కింది గీతకంటే దిగువకు పోయింది. ప్యాడ్లు అరిగినా ఆయిల్ మట్టం తగ్గుతుందని మీ ఇంజనీర్లు అనవచ్చు. అది నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గేదే తప్ప, చక్రం లోపలి వైపంతా తడిసి, పెడల్ మెత్తగా అడుగుకు దిగిపోయేలా ఒక్క పూటలో తగ్గదు. ఆయిల్ రెండు దారుల్లో నడిచే ఏర్పాటు ఉండబట్టి మిగిలిన దారిలోని చక్రాలకు బ్రేకు పట్టి బండి ఆగింది. అక్కడి నుంచి దాన్ని లాక్కెళ్ళవలసి వచ్చింది.

మెకానిక్ జాకీ ఎత్తి చూస్తే బ్రేకు గొట్టం మీద తాజా కోత, దాని పక్కనే తెగి వేలాడుతున్న ఏబీఎస్ సెన్సర్ వైరు కనిపించాయి. బండిలో లోపం ఎక్కడుందో చెప్పే స్కానర్ కూడా ఆ చక్రం సెన్సర్‌నే చూపించింది. ఫొటోలు, స్కానర్ కాగితం, బిల్లు అన్నీ జతచేశాను. ఇంతకు మించిన ఆధారం కావాలంటే ఆ ఇనుప పట్టీయే మీ కార్యాలయానికి వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 198ఏ సెక్షన్ కింద, రోడ్డు నిర్వహణ లోపం వల్ల మరణమో అంగవైకల్యమో కలిగితే బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. నేను కాళ్ళూ చేతులూ బాగానే ఉండి బతికి ఉన్నందువల్ల ఆ సెక్షన్ కూడా నాకు అక్కరకు రాదు. బీమా క్లెయిము చేద్దామంటే, క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, పోతుంది. ఎటు తిరిగినా ఖర్చు నాదే. ఫాస్టాగ్ నుంచి టోలు కోసుకోవడానికి మాత్రం నన్ను ఏ ఆధారమూ అడగలేదు.

రోడ్డు మీద పడినవాటిని తీసేయడానికి గస్తీ బండి తిరగాలన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రాత్రి అది ఆ దారిన ఏ వేళకు వెళ్ళిందో, ఏమేమి తీసిందో రాసిన రిజిస్టరు నకలు దయచేసి ఇప్పించండి. అర్జీల్లో అడిగిందీ ఇదే, ఇప్పుడు అడుగుతున్నదీ ఇదే. అసలు తిరగలేదంటే ఆ మాటే సంతకం చేసి పంపించండి, దాన్నే ఆధారంగా జతచేసుకుంటాను.

ఇట్లు,
టోలు క్రమం తప్పక కడుతున్న ఒక వాహనదారుడు