ముందు ఆ టీవీ కొట్టెయ్

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం అందింది. పాత స్టోర్‌రూమ్ ఖాళీ చేసి, మేకర్‌స్పేస్, అంటే పిల్లలు తమ చేత్తో వస్తువులు చేసి చూసుకునే పనిగది, పెట్టే పని నీ నెత్తిన వేశారన్నమాట. ఫిజిక్స్ చెప్పేవాడు దొరికితే ఎవరు వదుల్తారు! నువ్వు పంపిన జాబితా చూశాను. త్రీడీ ప్రింటర్లు, వీఆర్ కళ్లద్దాలు, గోడకి పెద్ద టీవీ. టీవీ దేనికిరా? అంత జాబితాలో ఒక్క ఆకురాయి లేదు, వస్తువుని బిగించి పట్టే బెంచ్ వైస్ లేదు.

చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం గారి సంగతి నీకు తెలిసిందే. ఆలేరు దగ్గర శారాజీపేట వాళ్లది. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ నూలు తిప్పుతూ ఒక్కో చీరకి దాదాపు 9,000 సార్లు చెయ్యాడించాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక 1992లో ఆసు పోసే యంత్రం మొదలుపెట్టారు. ఒక భాగం కుదిరేది, ఇంకోటి మొరాయించేది. డబ్బు చాలక హైదరాబాదు వచ్చి పని చేసుకుంటూ, మిగిలిందంతా దానికే పోశారు. చివరికి ఒకే ఒక్క కదలిక దగ్గర ఆగిపోయింది. 1999లో బాలానగర్‌లో ఏదో పనికి వెళ్తే, అక్కడ ఇంకెవరిదో మెషిన్ సరిగ్గా అలాగే కదులుతూ కనిపించింది. దాంతో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఏడేళ్లురా! ఆయనకి తెలివి తక్కువై కాదు, పక్కవాడి మెషిన్ కంటబడక. మేకర్‌స్పేస్ దేనికని అడిగావు కదా, నా మటుకు దీనికే. ఇక్కడ హైదరాబాదు రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ అనే పెద్ద మేకర్‌స్పేస్ ఉంది చూడు, 78,000 చదరపు అడుగులు. వడ్రంగం, వెల్డింగు, పింగాణీ, లేజర్ కటింగు, సర్క్యూట్ బోర్డులు అన్నీ ఒకే కప్పు కింద. సర్క్యూట్ పని మీద వచ్చినవాడు కుండ చేసేవాళ్ల పక్కనుంచి నడిచి వెళ్లాల్సిందే. ఆ నడకలోనే సగం పని అయిపోతుంది.

ఇంకో మాట. ఊళ్లో లేత్ షాపుకి వెళ్లి "ఒక్క పీసు చేసిపెట్టు, అది కుదరకపోతే రేపు ఇంకోటి" అని అడుగు, ఎంత మర్యాదగా బయటికి పంపుతాడో! ఒక్క పీసు కోసం సెట్టింగు మార్చడం అతనికి గిట్టదు, అతని తప్పూ లేదు. అట్టముక్క మీద లేజర్‌తో కోసుకుని, బాగోలేదని అవతల పారేసి, మళ్లీ కోసుకోగలిగితేనే కుర్రాళ్లకి తిక్క ఆలోచనలు పుడతాయి. పోయేది అట్టముక్కే కదా.

తిక్క అంటే గుర్తొచ్చింది. 1998లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ అనే ప్రొఫెసరు "దాదాపు ఏదైనా తయారుచేయడం ఎలా" అని కోర్సు పెడితే, ఓ పదిమంది పరిశోధక విద్యార్థులు వస్తారనుకున్నచోట వందమంది దాకా ఎగబడ్డారట. బొమ్మలేసేవాళ్లు, ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లు కూడా. వాళ్లలో ఒకావిడ అరుపులు దాచుకునే సంచీ చేసింది! నలుగురిలో ఉన్నప్పుడు ఒళ్లు మండితే అందులో అరవాలి, చప్పుడు బయటికి రాదు. తర్వాత ఎవరూ లేనిచోట ఆ అరుపు వదిలేసుకోవాలి. స్టాఫ్ మీటింగులకి నీకొకటి పనికొస్తుంది. ఆ కోర్సు నుంచే ఫ్యాబ్ ల్యాబులు అనే మేకర్‌స్పేసులు పుట్టాయి. మన దేశంలో మొదటిది 2002లో పుణె దగ్గర పాబళ్ అనే పల్లెలో, విజ్ఞాన్ ఆశ్రమంలో పెట్టారు. పల్లెటూరి పిల్లలకి వెల్డింగు, సేద్యం చేయిస్తూ చదువు చెప్పే చోటది. అందుకే అక్కడ ఆ మెషిన్లు అలంకారానికి మిగల్లేదు.

అలాగని అంతా పూలబాట కాదు. అమెరికాలో టెక్‌షాప్ అని, సభ్యులుగా చేరినవాళ్లకి మెషిన్లు వాడుకోనిచ్చే మేకర్‌స్పేస్ 2006లో మొదలైంది. ఫోనుకి తగిలించి కార్డుతో డబ్బు తీసుకునే స్క్వేర్ కంపెనీ వాళ్ల కార్డు రీడర్ తొలి నమూనా అక్కడే తయారైంది. అంత పేరొచ్చినా సభ్యుల రుసుములతో ఖర్చులు గిట్టక 2017లో మూతపడింది. ఇక్కడ మన బళ్లలో అటల్ టింకరింగ్ ల్యాబులు అనే ఇలాంటి పనిగదులకి కేంద్ర ప్రభుత్వం వాళ్లు 20 లక్షల దాకా ఇస్తున్నారు, మంచిదే. కానీ ఒక బడిలో ప్రింటరు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఉంచారు. పాడైతే ఎవరు జవాబు చెప్పాలని తాళం. నిజం చెప్పనా, నాకు మెషిన్ల కంటే ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే ముఖ్యం.

కాబట్టి జాబితాలోంచి టీవీ కొట్టెయ్. ఆ డబ్బుతో రిటైరైన ఐటీఐ మాస్టారు ఎవరినైనా పెట్టుకో. టంకం స్టేషన్లు రెండు కాదు, ఓ పది ఉండాలి. వారానికో రోజు బయటివాళ్లని రానివ్వు. మీ భీమవరం చుట్టూ అన్నీ చెరువులే కదా, రాత్రి ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోయే రైతు ఒక్కడొచ్చి కూర్చుంటే చాలు, మీ కుర్రాళ్లకి ప్రాజెక్టు వెతుక్కునే పని ఉండదు.

అసలు చిక్కు ఇంకోటుంది. మీ కాలేజీ బస్సులు సాయంత్రం నాలుగున్నరకే కదుల్తాయన్నావు. మరి పిల్లలు ఆ గదిలోకి ఎప్పుడొస్తారు? జాబితా సంగతి తర్వాత, ముందు ఏడింటికి ఇంకో బస్సు అడుగు. మీ ప్రిన్సిపాల్ గారు ఏమన్నారో రాయి.

నీ
మావ