ప్రతిజ్ఞలు సరే, పని ఎవరు నేర్పుతారు?

సంపాదకులకు నమస్కారం.

పల్లెల్లో మత్తు మాన్పించే బాధ్యత డ్వాక్రా మహిళలకు అప్పగిస్తారన్న వార్త గత వారం మీ విశాఖ జిల్లా పేజీలో చూశాను. బ్యానరు, ప్రతిజ్ఞ, ముందు వరసలో అధికారులు, వెనక ఎండలో ఆడవాళ్లు. ఇంటికెళ్లాక ఆ ఆడవాళ్లు ఏం చేయాలో మాత్రం వార్తలో ఒక్క ముక్క లేదు.

వాళ్లకు పోరాటం నేర్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. 2014లో బెల్టు షాపుల రద్దు మీద ముఖ్యమంత్రి తొలి సంతకాల్లో ఒకటి పడింది. బెల్టు షాపు అన్న మాట ఇంకా పాతబడిందా?

నేర్పాల్సింది వైద్యం సంగతి. క్వార్టర్ సీసా 180 మి.లీ., అందులో ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు. రోజూ అంతకు మించి తాగేవాడితో గుళ్లో ఒట్టేయించి, లేదా మాల వేయించి ఒక్కసారిగా మాన్పిస్తారు. ఒక్క రోజులోపే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత, నాలుగో రోజు దాకా, లేని మనుషులు కనిపించడం, పొంతన లేని మాటలు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. అది ప్రాణం మీదకొచ్చే స్థితి. పిలిస్తే వచ్చిన ఆర్‌ఎంపీ గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాడు. తాగి తాగి బీ1 విటమిన్ అడుగంటిన ఒంటికి ముందుగా ఆ విటమినే అయిన థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు.

కాబట్టి మానేయమనే ముందు సంఘం సభ్యులు నాలుగు సంగతులు అడగాలి: రోజుకు ఎంత, పొద్దున్న లేవగానే చుక్క పడాలా, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, కామెర్లు ఉన్నాయా. చివరి మూడింటిలో ఏ ఒక్కదానికి అవునన్నా ఇంట్లో మాన్పించకూడదు. విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో తీసుకెళ్లాలి. మిగతావాళ్లను పీహెచ్‌సీ డాక్టరు చూసి మందు రాస్తే, అయిదు రోజులపాటు ఏఎన్‌ఎం, ఆశా రోజూ వెళ్లి చూడాలి. నెల తిరిగేలోపు మళ్లీ తాగితే చీవాట్లు పెట్టకుండా మళ్లీ మొదలుపెట్టించాలి. కూరలో రహస్యంగా కలిపే ‘తాగుడు మాన్పించే పొడి’ జోలికి వెళ్లొద్దు. దాంట్లో మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మందు ఉంటే, తెలియక పైన తాగినవాడికి గుండె దడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి చావు. నాటుసారా తాగినవాడు చూపు మసకబారిందంటే, దిగిపోతుందిలే అని పడుకోబెట్టకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మిథనాల్ అనే విషం కలిస్తే కళ్లు పోతాయి.

గంజాయి సంగతి వేరు. గంజాయి సమాచారం చెప్పడానికి 1972 అనే టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేయమంటారు, బాగానే ఉంది. చిన్న ఊళ్లో ఫోన్ చేసిందెవరో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. అందుకే ఒక్క ఆడమనిషి పేరు బయటపడకుండా గ్రామసంఘం తీర్మానంగా ఫిర్యాదు వెళ్లాలి. చికిత్సకు తనంతట తానే ముందుకొచ్చిన వ్యసనపరుడికి, సొంత వాడకం లేదా చిన్న పరిమాణం కేసైతే, మత్తుమందుల మీది ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తుంది. ఈ సంగతి తల్లులకు చెప్పినవాళ్లేరీ? కొడుకు జైలుకు పోతాడన్న భయంతో దాచిపెడుతున్నారు.

ఇంకోటి. తీరప్రాంత పల్లెల్లో ఆడవాళ్లే అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని. అంగిలి క్యాన్సర్‌కు అది దారి. టార్చి వేసి అంగిలి చూడటానికి నిమిషం పట్టదు. మత్తు అనగానే మగాళ్ల సీసాయే గుర్తొచ్చే అధికారులకు ఇది లెక్కలోకే రాదు. పైగా ఆశాలకు ఉన్న యాప్‌లు చాలవన్నట్టు ఈ మత్తు మాన్పించే పని రిజిస్టరూ వాళ్ల నెత్తినే పడుతుంది, చూడండి.

ఫ్లెక్సీల ఖర్చులో కొంత ప్రతి పీహెచ్‌సీలో థయామిన్, వణుకు, ఫిట్స్ రాకుండా ఇచ్చే డయాజిపామ్ అయిపోకుండా చూడటానికి పెట్టండి. వారంలో ఏ రోజు ఏ డాక్టరు తాగుడు మాన్పించే కేసులు చూస్తారో గ్రామ సచివాలయం గోడ మీద రాయించండి.

— విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా