చెయ్యి కదపలేదని రాసేముందు ఈఈజీ తీయండి

సంపాదకులకు నమస్కారం.

కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపడానికి సుప్రీంకోర్టు 2018లో ఒక పద్ధతి చెప్పి, 2023లో దాన్ని కాస్త సులభం చేసింది. దాని అమలుకు కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరి చివర్లో ఉత్తర్వు ఇచ్చింది. చికిత్స ఆపొచ్చో లేదో చూడటానికి ఆస్పత్రిలో డాక్టర్ల ప్రైమరీ బోర్డు, దాని పైన సెకండరీ బోర్డు ఉంటాయి. ఉత్తర్వుతో నాకు పేచీ లేదు. బెంగళూరు ఆస్పత్రుల్లో చాలా ఏళ్లు ఈఈజీ (తలకు తీగలు అంటించి మెదడు తరంగాలను నమోదుచేసే పరీక్ష) టెక్నీషియన్‌గా పనిచేసినవాణ్ణి కాబట్టి, బోర్డు ముందుకొచ్చే ఫైలు గురించే నా బాధంతా.

తలకు దెబ్బ తగిలి పడున్న మనిషికి స్పృహ లేదని మామూలుగా ఎలా తేలుస్తారు? డ్యూటీ డాక్టరు వచ్చి, గోటి మీద పెన్నుతో నొక్కి, పేరు పెట్టి పిలిచి, "చెయ్యెత్తు" అంటారు. లేవకపోతే షీటులో ఓ అంకె వేస్తారు. మాట లోపలికి చేరలేదా, చేరినా చెయ్యి వినలేదా అన్నది ఆ అంకె చెప్పదు.

2006లో మెదడు పరిశోధకుడు ఏడ్రియన్ ఓవెన్ బృందం ఇంగ్లండులో అలాంటి ఓ యువతిని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మెదడులో పనిచేసే భాగమే ఆమెలోనూ పనిచేసింది. ఐసీయూ రోగిని స్కానర్ దాకా తీసుకెళ్లడమే గండం. ఈఈజీ అయితే మంచం దగ్గరే పెట్టొచ్చు. హెడ్‌ఫోన్లలో "కుడిచెయ్యి ముడుస్తూ, తెరుస్తూ ఉండండి" అని, కాసేపయ్యాక "ఇక ఆపండి" అని మళ్లీమళ్లీ వినిపిస్తారు. రెండు మాటల తర్వాతా వచ్చే తరంగాల్లో నిలకడైన తేడా ఉందేమో కంప్యూటర్ వెతుకుతుంది. ఉంటే, మాట లోపలికి చేరినట్టే. న్యూయార్క్‌లో ఇలా చూసిన 104 మందిలో 16 మందికి తేడా కనిపించిందని 2019లో ప్రచురించారు. ఏడాది తర్వాత చూస్తే, వాళ్లలో 44 శాతం మంది రోజుకు ఎనిమిది గంటల దాకా తమ పనులు తాము చేసుకోగలిగారు. మిగతావాళ్లలో అది 14 శాతమే. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, చెప్పిన పని చేయలేని 241 మందిలో 60 మంది మెదళ్లు స్కానింగ్‌లోనో ఈఈజీలోనో స్పందించాయి. అంటే నలుగురిలో ఒకరు!

ఫిట్స్ కోసం ఈఈజీ మిషన్ మన పెద్ద ఆస్పత్రుల్లో ఎలాగూ ఉంది. కొరవడింది ఈ పరీక్షకు తగిన సాఫ్ట్‌వేర్, రికార్డు చదవగలిగిన మనుషులు, ఓపిక. వెంటిలేటర్, ఇన్ఫ్యూజన్ పంపుల కరెంటు గోల రికార్డులోకి రాకుండా చూసుకోవాలి. మత్తుమందు దిగేదాకా ఆగాలి. ఇంకో సంగతి. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి అంబులెన్సులో ఇక్కడికొచ్చే పెద్దాయనకు ఇంగ్లిషులో ఆదేశం వినిపించి, మెదడు పలకలేదని రాసేస్తే ఆ తప్పు ఎవరిది? తెలుగు, కన్నడ, తమిళం, ఉర్దూ, హిందీల్లో ఆడియో తయారుచేసే పని బెంగళూరులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ తలపెడితే అందరికీ పనికొస్తుంది.

ఈఈజీలో ఏమీ రాలేదంటే లోపల ఏమీ లేదని అర్థం కాదు. 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఇలాంటి పరీక్షలో పూర్తి ఆరోగ్యంగా ఉన్న 12 మందిలో ముగ్గురి మెదడు స్పందన దొరకనే లేదు. కాబట్టి "ఈఈజీ నిల్" అన్న కాగితాన్ని చికిత్స ఆపడానికి సాకుగా వాడకూడదు. అటువైపు, ఈ పరీక్షను ప్యాకేజీలో చేర్చి ఆశను అమ్ముకునేవాళ్లూ బయల్దేరతారు, బిల్లుల సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ప్రభుత్వమే దీనికి రేటు కట్టాలి.

ఈ మిషన్ లేనిచోట కనీసం సీఆర్ఎస్-ఆర్ (స్పృహ ఆనవాళ్లను మంచం దగ్గరే వరసగా చూసి మార్కులు వేసే పరీక్ష) పద్ధతిలో రోగిని పలుమార్లు పరీక్షించాలి. దానికి ఖర్చు ఏముంది? చేతి అద్దం కళ్ల ముందు నెమ్మదిగా అటూ ఇటూ కదిపి, చూపు వెంట వస్తుందేమో చూడటం అందులో ఒక భాగం. స్పృహ లేదని డాక్టర్లంతా ఒప్పుకున్న 44 మందిని ఈ పద్ధతిలో మళ్లీ చూస్తే 18 మందిలో స్పృహ ఆనవాళ్లు దొరికాయని 2009లోనే తేలింది.

మెదడు దెబ్బతిన్న రోగుల విషయంలో ఏ పరీక్ష, ఏ భాషలో, ఎన్నిసార్లు చేశారో ఫైలులో రాసి ఉండాలని ఆరోగ్యశాఖ ఆ ఉత్తర్వుకు ఒక వాక్యం చేర్చాలి. అది లేని ఫైలును ప్రైమరీ బోర్డు వెనక్కి పంపాలి.

— ఒక విశ్రాంత ఈఈజీ టెక్నీషియన్, కె.ఆర్. పురం, బెంగళూరు